ఎడమాకు మేస్త్రి

మా మేస్త్రి దగ్గర పనిచెయ్యడమంటే గోడతో కాపురం చెయ్యడమే. పొద్దున "వచ్చానండీ" అంటే తల ఊపుతాడు. సాయంత్రం "వెళ్తానండీ" అంటే మళ్ళీ అదే తల, అదే ఊపు. మధ్యలో రోజంతా నేనూ, నా సూదీ, నా నోరూ. నోరు ఊరుకోదు కదా! వీధిలో ఎవరు ఎవరితో తగువు పడ్డారు, మా ఆయన పొద్దున్నే దేనికి అలిగాడు, మా అత్తగారు కూరకి ఏం వంక పెట్టింది, అన్నీ ఏకరువు పెడతాను. ఆయన వింటున్నాడో లేదో దేవుడికే తెలియాలి. ఒకసారి ఒళ్ళు మండి, "మేస్త్రీ, నేనిక్కడ చచ్చిపడున్నా మీరు సాయంత్రం తల ఊపి మేడమీద మీ గదికెళ్ళిపోయేలా ఉన్నారు" అన్నాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, "లేదమ్మా, తాళం నీ దగ్గరే ఉంటుంది కదా" అన్నాడు. జోకేశాడో, నిజంగానే అన్నాడో నాకు ఈరోజుకీ తెలీదు.

మాది పుస్తకాలకి అట్టలు కట్టే షాపు. పొడుగ్గా, ఇరుగ్గా, ఒకళ్ళు నడుస్తుంటే ఇంకొకళ్ళు పక్కకి ఒదగాల్సిన గది. వీధి వైపు కిటికీ దగ్గర నా బల్ల. అచ్చైన కాగితాలు మడతలు పెట్టి, వరసలో పేర్చి, వెన్ను కుట్టడం నా పని. గదికి ఆ చివర, చిన్న స్టవ్ పక్కన ఆయన బల్ల. తోలు అట్టల మీద బంగారు బొమ్మలు అద్దడం ఆయన పని. వాటికి వాడేవి ఇత్తడి అచ్చులు. చేతికి పట్టుగా చెక్క పిడి, దాని ముందు వేలెడు ఇత్తడి కడ్డీ, కడ్డీ కొసన గోరంత ఆకో, పువ్వో, పిట్టో చెక్కి ఉంటుంది.

ఆ పని చూడాలి మీరు. అచ్చుని స్టవ్ మీద వేడి చేసి, తడి స్పాంజికి ఆనిస్తాడు. అది చుయ్యిమనే తీరుని బట్టి వేడి సరిపోయిందో లేదో ఆయన చెవికి తెలుస్తుంది. ముందు ఉత్త తోలు మీద అద్దితే గుంట పడుతుంది. ఆ గుంటలో కోడిగుడ్డు తెల్లసొన రాసి, పైన బంగారు రేకు పరిచి, మళ్ళీ అదే అచ్చుని అదే గుంటలోకి దించాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఆకు రెండాకులవుతుంది. వేడెక్కువైతే తోలు మాడి కంపు కొడుతుంది. అద్దేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. నేను కూడా, నా నోరు మండా, ఆ కాసేపు మాటలాపేదాన్ని.

ఊళ్ళో ఆయన్ని అందరూ ఎడమాకు మేస్త్రి అంటారు. ఎందుకంటే ఆయన అద్దే ఆకులన్నీ ఎడమకే వాలి ఉంటాయి. పిట్టలన్నీ ఎడమకే చూస్తుంటాయి. తీగలన్నీ ఎడమకే పాకుతాయి. అట్ట అంచు చుట్టూ ఒక ఆకు వెనక ఇంకో ఆకు, దాని వెనక మరోటి, ఒకే దిక్కున తిరుగుతూ ఉంటాయి. ఏ రెండూ ఎదురుపడవు. చూసినవాళ్ళు "ఆహా, గాలికి ఊగుతున్నట్టున్నాయి! ఏం ఊహ మేస్త్రీ మీది!" అని మెచ్చుకునేవాళ్ళు. ఆయన తల ఊపేవాడు. ఊహా లేదు, పాడూ లేదు. ఆయన దగ్గర కుడివైపు అచ్చులు లేవు, అంతే సంగతి.

ఎందుకు లేవో చెప్తాను. నేనప్పటికి ఈ షాపులో చేరలేదు. చేరుంటే కథ వేరేలా ఉండేది. ఈ అచ్చులన్నీ వాళ్ళ నాన్న సొంత చేత్తో చెక్కినవి. ఆకు చెక్కితే జతగా చెక్కేవాడట. ఒకటి ఎడమకి వాలేది, ఒకటి కుడికి వాలేది. మూలల్లో రెండూ ఎదురెదురుగా అద్దితేనే అట్టకి కళ. నాన్న పోయాక అన్నదమ్ములిద్దరూ ఇదే గదిలో పనిచేసేవాళ్ళు. అన్న పనిమంతుడు, ముక్కుమీద కోపం. తమ్ముడు, అంటే మా మేస్త్రి, నెమ్మదస్తుడే గానీ మాట పడడు. ఒకరోజు తమ్ముడు ఒక అట్ట మాడ్చాడు. గిరాకీ ముందే అన్న "నీకు స్పాంజి శబ్దం వినపడదా, చెవుడా?" అని గదమాయించాడు. అంతే. తమ్ముడు లేచి, "అయితే నా వాటా నాకు పడెయ్, నా చావు నేను చస్తాను" అన్నాడు.

పంపకానికి మేనమామ వచ్చాడు. ఆయన బట్టల కొట్టులో గజంబద్ద పట్టుకునే మనిషి. న్యాయం అంటే ఇంచీ తేడా రాకూడదు. అచ్చుల పెట్టె ముందేసుకుని, "చిన్నవాడివి, ముందు నీకు" అని ఒకటి తీసి తమ్ముడికిచ్చాడు. దాని పక్కది తీసి అన్నకిచ్చాడు. మళ్ళీ ఒకటి వీడికి, ఒకటి వాడికి. పెట్టెలో అచ్చులు జతలు జతలుగా పక్కపక్కనే పేర్చి ఉంటాయి కదా! ఎడమవన్నీ తమ్ముడి ఒళ్ళోకి, కుడివన్నీ అన్న ఒళ్ళోకి చేరుతున్నాయి. మామకి తెలీదు. వీళ్ళిద్దరికీ తెలుసు. మొదటి జత విడిపోయినప్పుడే తెలుసు. ఎవరో ఒకరు "మామా, ఆగు" అంటే సరిపోయేది. ముందు నోరు తెరిచినవాడు తగ్గినట్టని ఇద్దరూ మొహాలు బిగించుకుని, పెట్టె అడుగు కనపడేదాకా కూర్చున్నారట. నేనే గనక అక్కడుంటే ఇద్దరి నెత్తినా చెరో మొట్టికాయ వేసి, పెట్టె లాక్కునేదాన్ని. మామ మాత్రం "చూశారా, సరిసమానం" అని చేతులు దులుపుకుని వెళ్ళాడట.

అన్న రెండు వీధులవతల షాపు పెట్టుకున్నాడు. తమ్ముడు ఈ గదిలోనే ఉండిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు. మొదట్లో మా మేస్త్రి ఒక నగిషీ పనివాడితో కుడాకు ఒకటి చెక్కించాడు. చెయ్యి వేరు కదా, వాళ్ళ నాన్న ఆకు పక్కన అది ముక్కూ మొహం తెలియని చుట్టంలా నిలబడింది. ఒక్కసారి అద్ది చూసి, సొరుగులో పడేసి, ఇంక ఆ ప్రయత్నం మానేశాడు. ఉన్న ఎడమాకులతోనే అట్ట చుట్టూ తిప్పడం అలవాటు చేసుకున్నాడు. పేరొచ్చింది. మనిషికి మాత్రం ఏమీ రాలేదు.

పెళ్ళి చేసుకోలేదు. "ఎందుకు మేస్త్రీ?" అని నేను అడగని ఏడు లేదు. ఒకసారి మాత్రం జవాబు చెప్పాడు. "పెద్దవాడు లేకుండా నా తరఫున ఎవరు మాట్లాడతారమ్మా?" పైన ఆయన గదిలోకి నేను కొన్నిసార్లు వెళ్ళాను, జ్వరమొచ్చినప్పుడు గంజి పట్టుకుని. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. రెండో గ్లాసు లేదు. ఎవరైనా వస్తే? ఎవరూ రారు. అది చూసిన మర్నాడే మా ఇంటినుంచి ఇంకో గ్లాసు తెచ్చి పెట్టాను. మా అత్తగారు దానికోసం వారం రోజులు వెతికింది.

ఇలా ఉండగా ఒకరోజు ఒక పంతులమ్మగారు వచ్చింది. రెండు భాగాల పాత పుస్తకం తెచ్చింది. రెండో భాగం అట్ట చెదలు తినేసింది. మొదటి భాగం అట్ట మాత్రం నిక్షేపంలా ఉంది. మూలమూలనా రెండేసి ఆకులు, ఎదురెదురుగా, కొసలు తగులుతూ.

"అచ్చం ఇలాగే కావాలి మేస్త్రీ. అలమరలో రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి" అంది.

ఆయన ఆ అట్ట మీద బొటనవేలితో తడిమి, "నాన్న చెయ్యి" అన్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తనే. ఇలాంటివి ఎవరడిగినా "అవదండి" అనే మనిషి ఆరోజు "చూద్దామండి" అన్నాడు. నేను కుట్టు ఆపేసి నోరు తెరుచుకుని చూశాను.

ఆవిడ వెళ్ళగానే పట్టుకున్నాను. "ఎలా చేస్తారు? కుడాకు మీ దగ్గర లేదుగా? అన్నగారి దగ్గర కదూ ఉంది?"

"వాడు ఎప్పుడో తూకానికి అమ్మేసుంటాడమ్మా."

"మీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళలో వాడి షాపునించి బొమ్మున్న అట్ట ఒక్కటైనా వచ్చిందా? అన్నీ గుడ్డ అట్టలు, ఆఫీసు పుస్తకాలు. అచ్చులుంటే వాడు ఊరుకుంటాడా? నాకంటే పనిమంతుడు వాడు."

అదే వారం కాగితాలాయన, రెండు షాపులకీ కాగితం వేసే మనిషి, కట్టలు దించుతూ మెల్లగా చెప్పాడు. "మీ అన్నగారికి గుండె బాలేదట మేస్త్రీ. మనిషి చిక్కిపోయాడు." మా మేస్త్రి తల ఊపాడు. కానీ ఆ మధ్యాహ్నమంతా స్పాంజికి అచ్చు ఆనించడం, చుయ్యిమన్నాక మళ్ళీ స్టవ్ మీద పెట్టడం, ఇదే పని. ఒక్క ఆకు కూడా అద్దలేదు.

ఇంక నేనాగలేదు. "మేస్త్రీ, మీరు వెళ్ళి తీరాలి. 'అన్నయ్యా, ఎలా ఉన్నావ్' అనడానికి నామోషీ అయితే 'ఆకు అచ్చుందా' అని అడగండి. ఉంటే ఇస్తాడు, లేకపోతే లేదంటాడు. మాటయితే కలుస్తుందిగా! ఆయనకేమన్నా అయితే ఆ తర్వాత ఎవరిని అడుగుతారు, నన్నా?"

ఆయన కోప్పడలేదు. "ఛీ కొడితే?" అన్నాడు. అంత పెద్ద మనిషి, నెరిసిన జుట్టు, చిన్నపిల్లాడిలా అన్నాడు.

"కొడితే కొట్టనీండి. అన్నేగా కొట్టేది!"

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ చివర బల్ల దగ్గర గొణుగుడు వినపడేది. "అన్నయ్యా, ఒక అట్ట వచ్చింది, నాన్న కట్టింది..." ఆగిపోయేది. మళ్ళీ మొదలు. "అన్నయ్యా, నీ దగ్గర ఆ ఆకు..." మా మేస్త్రి మాటలు వల్లెవేసుకుంటున్నాడు! రోజుకి నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి! నేను విననట్టు తల వంచుకుని కుట్టుకున్నాను. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

చివరికి ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. గంట కాకుండానే వచ్చేశాడు. మొహం చూసే తెలిసింది.

"షాపులో జనం ఉన్నారమ్మా."

"ఉంటే?"

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఎదురుగా చెప్పులు కుట్టేవాడి పక్కన నిలబడ్డాడట. అన్న ఇటు వీపు పెట్టి గుడ్డ కొలుస్తున్నాడట. ఒకసారి వీధి వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడట. ఈయన గబుక్కున కరెంటు స్తంభం వెనక్కి జరిగాడట.

"ఎందుకు మేస్త్రీ?"

"చేతిలో ఏమీ లేదమ్మా. ఆ పాత అట్ట తీసుకెళ్ళడం మర్చిపోయాను. ఊరికే నిలబడి ఏమనాలి? ఈసారి అట్ట పట్టుకుని వెళ్తాను."

ఆ 'ఈసారి' రానేలేదు. అన్న ఆ లోపే పోయాడు. గల్లాపెట్టె ముందు కూర్చునే తలవాల్చేశాడట. కబురు తెచ్చింది కాగితాలాయనే. మా మేస్త్రి ఆ ఇంటికి అప్పుడు వెళ్ళాడు, మాట్లాడాల్సిన మనిషి లేని ఇంటికి. జనం వెనక నిలబడి, జనంతోపాటే తిరిగొచ్చేశాడు. పంతులమ్మగారి పుస్తకం కాగితంలో చుట్టి బల్ల కింద పెట్టేశాడు. నేను ఆ రోజుల్లో వీధి కబుర్లు చెప్పడం మానేశాను.

కొన్ని వారాలకి వాళ్ళ వదినగారు మా షాపుకొచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన చెక్కపెట్టె. ఆయన లేచి నిలబడ్డాడు. నేనే కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా" అన్నాను.

"షాపు ఖాళీ చేస్తున్నాం అబ్బాయ్" అందావిడ. "ఇది నీకివ్వాలి కదా."

మూత తీశాడు. నూనె గుడ్డల్లో చుట్టి కుడివైపు అచ్చులన్నీ ఉన్నాయి.

"అమ్మెయ్యలేదా వాడు?" అన్నాడు.

ఆకు అచ్చు తీసి వెలుతురుకి పట్టుకుని చూశాడు. వెళ్ళి స్టవ్ వెలిగించాడు. ఒక తోలు ముక్క తీసుకుని ముందు తన ఎడమాకు అద్దాడు. దాని ఎదురుగా అన్న కుడాకు అద్దాడు. తెల్లసొన, రేకు, మళ్ళీ రెండూ. మిగిలిన రేకు తుడిచేసి అలా చూస్తూ ఉండిపోయాడు. నేను వెళ్ళి భుజం మీదుగా తొంగిచూశాను.

జత కలవలేదు. ఎడమాకు లావుగా, మొద్దుగా, ఈనెలు పూడుకుపోయి ఉంది. కుడాకు సన్నగా, ఈనె ఈనె విడివిడిగా, నిన్న చెక్కినట్టు. ఇత్తడి అరుగుతుంది కదా. రోజూ అద్దితే అంచులు గుండ్రంగా అయిపోతాయి. ఇన్నేళ్ళూ తన ఆకునే చూసుకుంటున్నాడు గనక అది అరిగిందని ఆయనకి తెలియనేలేదు. పక్కన పెట్టాకే తెలిసింది.

"వదినా, అన్నయ్య వీటితో ఏం పని చేశాడు?"

"ఏం చేశారు? ఏమీ చెయ్యలేదు. ఊరికే పడున్నాయి, అమ్మేద్దామని ఒకసారి అన్నాను. నా మీద అంతెత్తున లేచారు. 'జత మా తమ్ముడి దగ్గరుంది, ఏ రోజైనా వస్తాడు, అప్పుడు ఏమిస్తావ్' అన్నారు. అప్పుడప్పుడూ తీసి, నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టేసేవారు. ఒక్కటంటే ఒక్కటి స్టవ్ మీద పెట్టలేదు."

"మరి రమ్మని కబురు పెట్టొచ్చుగా?"

అడిగింది నేనే. ఉండబట్టలేకపోయాను. ఆవిడ నావైపు తిరిగింది. "పెడదామని చాలాసార్లు అనుకున్నారమ్మా. కానీ మీరు కట్టిన అట్టలు ఎవరో ఒకరు తెచ్చి చూపించేవారు. అవి చూసి, 'చూశావా, వాడికి నా సగంతో పనే లేదు, ఎంత అందంగా తిప్పేశాడో' అని నవ్వి ఊరుకునేవారు."

మా మేస్త్రి బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "ఒక్కసారి అడిగుంటే సరిపోయేది వదినా" అన్నాడు. "నేను చేతగాక తిప్పానవి. అందానికి తిప్పలేదు." ఇంక ఏడ్చేశాడు. దాచుకోలేదు. ఆవిడా ఏడ్చింది. నేను స్టవ్ ఆర్పి, ముగ్గురికీ నీళ్ళు తెచ్చాను.

ఆవిడ వెళ్ళాక నా బుద్ధికి తోచింది నేను చెప్పాను. "మేస్త్రీ, దిగులెందుకు? ఆ కుడాకుని సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే అదీ ఇలాగే లావెక్కుతుందిగా. పంతులమ్మగారి పుస్తకం అయిపోతుంది."

అంత కోపం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "నాన్న చెక్కిన అంచు ఇది. వాడు ఇన్నేళ్ళు కాపాడాడు. నేను దీన్ని రాయి మీద రుద్దనా?" అన్నాడు.

పంతులమ్మగారు వచ్చినప్పుడు "జత కుదరలేదండి" అని ఒక్క మాట చెప్పాడు. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకుంది. అంతలోనే సర్దుకుని, "పోన్లెండి, మీ ఎడమాకులే వెయ్యండి. ఊళ్ళో అందరూ మెచ్చుకునేది వాటినేగా" అంది. పాపం, మంచి మాటే అనుకుని అంది. ఆయన సరేనని ఆ అట్ట చుట్టూ ఆకులు తిప్పి ఇచ్చేశాడు.

అదే ఎడమాకుల ఆఖరి అట్ట. మర్నాడు తన అచ్చులన్నీ నూనె గుడ్డల్లో చుట్టి సొరుగులో పెట్టేశాడు. అన్నవి తీసి స్టవ్ పక్కన వరసగా పేర్చుకున్నాడు. ఆరోజునుంచి అట్టల మీద ఆకులు కుడికి వాలాయి. పిట్టలు కుడికి తిరిగాయి. గిరాకీలు విస్తుపోయారు. "ఇదేంటి మేస్త్రీ, గాలి మళ్ళిందా?" అని వేళాకోళమాడారు. కొందరు పాతవే బాగున్నాయని పెదవి విరిచారు. ఆయన తల ఊపాడు.

నేను ఊరుకుంటానా? అడిగాను. "రెండూ ఉన్నాయి కదా ఇప్పుడు. మళ్ళీ ఈ ఒంటివైపు ఏంటి?"

"ఇవీ అరగాలమ్మా" అన్నాడు. "రాయి మీద కాదు, పనిలో. పనిలో అరిగితేనే వాటిలా అవుతాయి. అప్పుడు రెండూ ఎదురెదురుగా అద్దుతాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నావి అరగడానికి ఎంత పట్టిందో అంత" అన్నాడు, చాలా మామూలుగా.

అప్పటికే ఆయనకి ఒక ఆకు దించడానికి మోచెయ్యి బల్లకి ఆనించుకోవాల్సి వస్తోంది. అంతకాలం మీరుంటారా మేస్త్రీ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. జన్మలో మొదటిసారి, వచ్చిన మాట మింగేశాను. ఆయన అన్న అచ్చుని స్పాంజికి ఆనించి, చెవి పెట్టి విని, తోలు మీదికి దించాడు.